నాయకుడి మీద గాలి తిరిగితే ఉండాలా, జరగాలా, దూకాలా?

2014 ఏప్రిల్. కోస్తాలో ఒక మండల కేంద్రం, ఫ్లెక్సీలు కొట్టే షాపు. కాంగ్రెస్ అభ్యర్థి తరఫున వచ్చిన కుర్రాడు డిజైనర్ పక్కన నిలబడి చెబుతున్నాడు. "పైన ఢిల్లీ వాళ్ళ ఫొటోలు తీసెయ్యన్నా. మా సార్ ఫొటో పెద్దది చెయ్యి. హస్తం గుర్తు కింద మూలకి పెట్టు, చిన్నగా." డిజైనర్ మౌస్ ఆపి అడిగాడు, "గుర్తు కనపడకపోతే ఓటు దేనికి నొక్కమంటావురా?" కుర్రాడు ఫోన్ పట్టుకుని బయటికెళ్ళాడు. నా టీ అయిపోయేలోగా తిరిగొచ్చి, "గుర్తు కొంచెం పెద్దది చెయ్యమన్నారు, ఫొటోలు మాత్రం వద్దన్నారు" అన్నాడు.

రాష్ట్ర విభజన మీద జనం కోపంగా ఉన్న ఆ ఎన్నికల్లో, కొత్త ఆంధ్రప్రదేశ్‌కి వచ్చిన 175 అసెంబ్లీ సీట్లలో కాంగ్రెస్‌కి ఒక్కటీ రాలేదు. 25 ఎంపీ సీట్లలోనూ సున్నాయే. ఫొటో ఉంచినవాళ్ళూ ఓడారు, తీసినవాళ్ళూ ఓడారు.

సొంత పార్టీ అధినేత మీద జనం మండిపడుతున్నప్పుడు కింద ఉన్న నాయకుడికి నిద్ర పట్టదు. ఉంటే మునుగుతాం, పోతే ద్రోహి అంటారు, ఊరుకుంటే రెండు వైపులా అనుమానమే. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్ళ కోసం ఈ పోలిక. ధర్మాధర్మాల జోలికి పోవడం లేదు, ఏ దారి ఎవరికి ఎక్కడ పనిచేసిందో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గర సగం దూరం పనికిరాదు. ఉంటే ఉండాలి, పోతే పూర్తిగా పోవాలి. రెండిట్లో ఏది అన్నదే అసలు లెక్క.

దారి ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

*కోపం మీ ఊళ్ళో ఉందా, పేపర్లో ఉందా?*

అందరికన్నా ముందు ఈ ప్రశ్న దగ్గరే పెద్దపెద్దవాళ్ళు బోల్తా పడ్డారు. 1977 మార్చిలో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో తానే ఓడిపోయారు. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆమె పని అయిపోయిందని దేశమంతా అనుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం అదే ఎన్నికల్లో 42 సీట్లకి 41 కాంగ్రెస్‌వే. జనతా పార్టీ తరఫున నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే గెలిచారు.

ఇంత స్పష్టమైన లెక్క కళ్ళ ముందు ఉన్నా, 1978 జనవరిలో కాంగ్రెస్ చీలినప్పుడు ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ఇందిరకి ఎదురుపక్కన నిలబడ్డారు. ఆ పక్షానికి అఖిల భారత అధ్యక్షుడు కాసు బ్రహ్మానందరెడ్డి. చేతిలో ప్రభుత్వం ఉంది, పేరున్న నాయకులున్నారు. తర్వాతి నెల అసెంబ్లీ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్‌కి 294లో 175 వచ్చాయి. జనతాకి 60. అధికారంలో ఉన్న వెంగళరావు కాంగ్రెస్‌కి 30. ఎవరూ లేరనుకున్న పక్కన నిలబడ్డ మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత వెంగళరావు, బ్రహ్మానందరెడ్డి ఇద్దరూ తిరిగి ఆ గూటికే చేరారు. వెంగళరావు ఖమ్మం నుంచి లోక్‌సభకి గెలిచి కేంద్రమంత్రి కూడా అయ్యారు. ఢిల్లీ గాలి చూసి హైదరాబాద్‌లో తీసుకున్న నిర్ణయానికి అంత తిరుగు ప్రయాణం పట్టింది.

కాబట్టి టీవీ చర్చలు కట్టేసి, సంతలో, బస్టాండు హోటల్లో వినండి. మీ పేరు తెలియని చోట వినండి. మీ ముందు ఎవరూ నిజం చెప్పరు.

*కోపం నాయకుడి మీదా, మీ మీదా?*

ఇది ఎవరూ తమని తాము అడగరు. దగ్గర్లో రెండు ఎన్నికలు జరిగాయి, ఒకదానికొకటి ఎదురుగా పెట్టి చూడొచ్చు. 2023 ఆగస్టు 21న తెలంగాణలో కేసీఆర్ ఒకేసారి 115 మంది అభ్యర్థుల్ని ప్రకటించారు. సిట్టింగుల్లో మార్చింది ఏడు చోట్లే. ఎమ్మెల్యేల మీద కోపం ఉన్నా తన పేరు గట్టెక్కిస్తుందని ఆయన లెక్క. బీఆర్ఎస్ 39కి పడిపోయింది, కామారెడ్డిలో ఆయనే ఓడిపోయారు. తర్వాత కొన్ని నెలలకే ఆంధ్రప్రదేశ్‌లో జగన్ దీనికి తిరగేసి చేశారు. పదుల సంఖ్యలో సిట్టింగుల్ని మార్చారు, మంత్రుల్ని కూడా పక్క నియోజకవర్గాలకి పంపారు. చిలకలూరిపేట నుంచి విడదల రజిని గుంటూరు పశ్చిమకి వెళ్ళారు, యర్రగొండపాలెం నుంచి ఆదిమూలపు సురేష్ కొండపికి వెళ్ళారు. ఇద్దరూ ఓడిపోయారు. వైసీపీకి మొత్తం 11 వచ్చాయి.

రెండో ఉదంతంలో ఇంకో సంగతి ఉంది. మనం ఎప్పుడూ కిందివాళ్ళు పైవాడి నుంచి దూరం జరగడం గురించే మాట్లాడతాం. అక్కడ పైవాడే కిందివాళ్ళ నుంచి దూరం జరిగాడు. "నా మీద కోపం లేదు, మీ మీదే ఉంది" అని అధినేత నమ్మడం మొదలెట్టాడంటే, మీకు ఇక నిర్ణయం తీసుకునే టైము తక్కువుంది. మీ సీటు మీ చేతిలో లేనట్టే.

*ఓట్లు ఎవరివి?*

ఒక నియోజకవర్గంలో రెండొందల యాభై పైచిలుకు పోలింగ్ బూత్‌లు ఉంటాయి. రేపు మీరు కండువా మారిస్తే, పొద్దున మాక్ పోల్ నుంచి సాయంత్రం సీలు వేసేదాకా మీ ఏజెంటుగా కూర్చునేది ఎవరో బూత్‌కి ఒక పేరు చొప్పున కాగితం మీద రాయండి. ఫోన్ చూడకుండా రాయాలి. నూట యాభై దాటితే మీకు సొంత బలం ఉంది. యాభై దగ్గర పెన్ను ఆగిపోతే, ఆ ఓట్లు పార్టీవో, నాయకుడివో. మీరు వాటికి కాపలాదారు మాత్రమే.

*చట్టం మెడ మీద ఉందా?*

1985లో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం ఎమ్మెల్యే, ఎంపీ రెండు కారణాలతో పదవి పోగొట్టుకుంటారు. పార్టీ సభ్యత్వాన్ని తనంతట తాను వదులుకోవడం ఒకటి, విప్‌కి, అంటే సభలో ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేయడం రెండోది. వదులుకోవడం అంటే రాజీనామా లేఖ ఇవ్వడమే అని లేదు. ప్రవర్తనని బట్టి కూడా వదులుకున్నట్టు లెక్కించవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. మొదట్లో మూడో వంతు మంది చీలితే రక్షణ ఉండేది. 2003లో 91వ సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడు మిగిలింది మూడింట రెండొంతుల మందితో విలీనం. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో (ఇప్పటి బీఆర్ఎస్) కలిసింది ఆ లెక్కతోనే.

నిర్ణయం తీసుకునేది స్పీకర్. స్పీకర్ ఏ పార్టీ నుంచి వచ్చారో అందరికీ తెలుసు. అందుకే ఈ చట్టం ఒకరికి కత్తిలా, ఇంకొకరికి గొడుగులా పనిచేస్తుంది. మీరు వెళ్తున్నది అధికార పార్టీలోకా, ప్రతిపక్షంలోకా అన్నదాన్ని బట్టి ముప్పు మారుతుంది.

*అవతల కుర్చీ ఖాళీగా ఉందా?*

మీరు వెళ్ళే పార్టీలో మీ నియోజకవర్గానికి ఇప్పటికే ఒక ఇన్‌చార్జ్ ఉంటాడు. అయిదేళ్ళు జెండా మోశాడు, కేసులు పెట్టించుకున్నాడు. ఆ కేసుల్లో కొన్ని మీరు పెట్టించినవే అయ్యుండొచ్చు. అతన్ని పక్కన పెట్టి మీకు టికెట్ ఇవ్వాలంటే మీ అవసరం వాళ్ళకి గట్టిగా ఉండాలి.

ఉన్న దారులు

| దారి | ఎవరికి కుదురుతుంది | ఏం పోతుంది | ఉదాహరణ |
|---|---|---|---|
| ఉండిపోవడం | వయసు, ఓపిక, రాష్ట్రస్థాయి పేరు ఉన్నవాళ్ళకి | కనీసం ఒక ఎన్నిక | బొత్స, రఘువీరా (2014) |
| ఫొటో తీసేయడం | మన దగ్గర దాదాపు ఎవరికీ కాదు | నాయకుడి నమ్మకం, ఓటరు నమ్మకం రెండూ | 2014 సీమాంధ్ర కాంగ్రెస్ |
| లోపలుండి ఎదిరించడం | సొంత బలం, లాయర్లు, గుండె ధైర్యం ఉన్నవాళ్ళకి | ప్రశాంతత, ఒక్కోసారి పదవి | రఘురామ, కోటంరెడ్డి |
| రాజీనామా చేసి వెళ్ళడం | బూత్ లిస్టు నిండినవాళ్ళకి | పదవి, ఉపఎన్నిక ఖర్చు | ఈటల (2021) |
| ఎన్నికల ముందు మారడం | అవతలి పార్టీకి అవసరమైనవాళ్ళకి | పాత క్యాడర్ | జేసీ, గంటా (2014) |
| సొంత పార్టీ | కోట్లమందికి తెలిసిన పేరు ఉంటేనే | దాదాపు అన్నీ | కిరణ్ కుమార్ రెడ్డి (2014) |

ఉండిపోవడం

మునిగే పడవ అని తెలిసీ ఉండటాన్ని అందరూ అమాయకత్వం అంటారు. 2014 కాంగ్రెస్‌నే తీసుకుందాం. పీసీసీ (రాష్ట్ర కాంగ్రెస్) అధ్యక్షుడిగా ఉండి విభజన కోపమంతా మోసిన బొత్స సత్యనారాయణ పార్టీలోనే ఉండి చీపురుపల్లిలో ఓడిపోయారు. మరుసటి ఏడాది వైసీపీలో చేరారు, 2019లో అదే చీపురుపల్లిలో గెలిచి మంత్రి అయ్యారు. ఆయన వెనక ఉన్న జిల్లా బలగం ఆ ఒక్క ఓటమికి చెదరలేదు. పార్టీ సున్నా అయ్యాక, తప్పనిసరిగా వెళ్ళినట్టు వెళ్ళారు. అప్పుడు ద్రోహి అన్న మాట పెద్దగా వినపడలేదు.

రఘువీరారెడ్డి ఎవరూ తీసుకోని టైములో పీసీసీ పదవి తీసుకున్నారు. పెనుకొండలో ఓడిపోయారు, 2019లో కళ్యాణదుర్గంలోనూ ఓడిపోయారు. తర్వాత కొన్నేళ్ళు సొంతూరు నీలకంఠాపురంలో గుడి పనులు, వ్యవసాయం చూసుకుంటూ గడిపారు. పంచె కట్టుకుని పొలం గట్టు మీద ఉన్న ఆయన ఫొటోలు చూసి ఏ పార్టీవాళ్ళైనా మంచిమాటే అన్నారు. పదవి దృష్టితో చూస్తే ఇది నష్టం. మర్యాద దృష్టితో చూస్తే ఆ బ్యాచ్‌లో ఈయనంత లాభపడ్డవాళ్ళు తక్కువ.

ఉండటం అంటే పొద్దస్తమానం నాయకుణ్ణి పొగడటం అని అర్థం చేసుకోకండి. జనం ముందు సమర్థించలేని విషయం గురించి మాట్లాడకుండా ఉండొచ్చు. రోడ్డు, నీళ్ళు, పింఛను మాట్లాడుకోవచ్చు.

ఫొటో తీసేయడం

టికెట్ కావాలి, పార్టీ అభ్యర్థి అని రాసిచ్చే బీఫారం కావాలి, గుర్తు కావాలి, నాయకుడు మాత్రం వద్దు. ఇది అమెరికాలో కొంతవరకు నడుస్తుంది. 2010లో వెస్ట్ వర్జీనియాలో ఒబామా మీద వ్యతిరేకత బాగా ఉన్నప్పుడు, ఆయన పార్టీకే చెందిన జో మాంచిన్ సెనేట్‌కి పోటీ చేశారు. తన పార్టీవాళ్ళు తెచ్చిన వాతావరణ బిల్లు కాగితాన్ని తుపాకీతో కాల్చే ప్రకటన టీవీలో వేశారు. గెలిచారు. అప్పటికే ఆయన అక్కడ గవర్నర్, ఇంటింటికీ తెలిసిన మనిషి. 2014లో కెంటకీలో అదే పార్టీ అభ్యర్థి అలిసన్ గ్రైమ్స్‌ని "మీరు ఒబామాకి ఓటేశారా?" అని అడిగితే సూటిగా జవాబు చెప్పకుండా దాటేశారు. ఆ దాటవేతే వార్త అయింది. ఓడిపోయారు. అంటే అక్కడ కూడా తేల్చి కాల్చినవాడికి పనిచేసింది, నసిగినవాళ్ళకి పనిచేయలేదు.

అక్కడ టికెట్ ఇచ్చేది ప్రైమరీలో, అంటే పార్టీ లోపలి ఎన్నికలో, ఓటేసే ఓటరు, అధినేత కాదు. చట్టసభలో పార్టీకి ఎదురు ఓటేస్తే పదవి తీసేసే చట్టం కూడా లేదు. మన దగ్గర రెండూ తలకిందులు. పైగా మన పార్టీలన్నీ ఒక మనిషి చుట్టూ కట్టినవి. 2024లో వైసీపీ అభ్యర్థి ఒకాయన తన కరపత్రం మీద జగన్ ఫొటో తీసేసినా, రైతు ఇంట్లో బీరువాలో ఉన్న పట్టాదారు పాసు పుస్తకం మీద ఆ ఫొటో ఉంది. పొలం గట్టున పాతిన సర్వే రాయి మీద ఆ పేరు ఉంది. అభ్యర్థి ఎంత దూరం జరిగినా రాయి జరగదు కదా.

ఇంకో నష్టం కూడా ఉంది. ఫొటో తీసిన సంగతి సాయంత్రానికి అధినేత ఆఫీసుకి చేరుతుంది. ఎన్నికల ఖర్చుకి పై నుంచి రావాల్సింది అక్కడితో ఆగుతుంది. కోపంగా ఉన్న ఓటరు ఎలాగూ రాడు, అభిమానంతో ఉన్న ఓటరు కూడా "మావాణ్ణి దాచేశాడు" అని ముఖం తిప్పుకుంటాడు.

లోపలుండి ఎదిరించడం

ఇందులో మన దగ్గర రికార్డు రఘురామకృష్ణరాజుది. 2019లో నరసాపురం ఎంపీగా వైసీపీ తరఫున గెలిచి, మరుసటి ఏడాది నుంచే సొంత ముఖ్యమంత్రి మీద రోజూ మాట్లాడటం మొదలెట్టారు. అనర్హత వేటు వేయాలని పార్టీ స్పీకర్‌కి ఫిర్యాదు చేసింది. వేటు పడలేదు, ఆయన దాదాపు పూర్తి కాలం ఎంపీగానే ఉన్నారు. మధ్యలో 2021 మేలో సీఐడీ అరెస్ట్ చేసింది, సుప్రీంకోర్టులో బెయిలు వచ్చింది. ఆ కాలంలో ఎక్కువగా సొంత నియోజకవర్గానికి దూరంగానే గడిపారు. 2024లో టీడీపీ తరఫున ఉండిలో గెలిచి డిప్యూటీ స్పీకర్ అయ్యారు.

చదవడానికి బాగుంటుంది. మీరు చేయగలరా అన్నది వేరే సంగతి. ఆయన ఉన్నది లోక్‌సభలో, అక్కడి స్పీకర్ జగన్ మనిషి కాదు. ఆయనకి సొంత వ్యాపారాలు, ఢిల్లీలో పరిచయాలు, పెద్ద లాయర్లు ఉన్నారు.

ఎమ్మెల్యే స్థాయిలో చూడాలంటే 2023 మార్చి మేలు. ఎమ్మెల్సీ ఎన్నికలో క్రాస్ ఓటింగ్ చేశారని వైసీపీ నలుగురు ఎమ్మెల్యేలని సస్పెండ్ చేసింది. కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి, ఆనం రామనారాయణరెడ్డి, మేకపాటి చంద్రశేఖర్‌రెడ్డి, ఉండవల్లి శ్రీదేవి. స్పీకర్ అనర్హులుగా ప్రకటించేసరికి 2024 ఫిబ్రవరి చివర అయింది, అంటే పోయింది నెలల పదవే. ఆ ఎన్నికల్లో కోటంరెడ్డి నెల్లూరు రూరల్‌లో, ఆనం ఆత్మకూరులో టీడీపీ తరఫున గెలిచారు. ఆనం మంత్రి కూడా అయ్యారు. మిగతా ఇద్దరికీ టికెట్టే రాలేదు. నలుగురి మీదా ఒకే ఆరోపణ, ఒకే రోజు సస్పెన్షన్. తేడా అంతా పైన చెప్పిన బూత్ లిస్టులోనూ, ఖాళీ కుర్చీలోనూ ఉంది. రెబల్ కథలు చెప్పేటప్పుడు గెలిచిన ఇద్దరి పేర్లే వినపడతాయి, జాగ్రత్త.

రాజీనామా చేసి వెళ్ళడం

ఖరీదు ఎక్కువ, మాట పడేది తక్కువ. 2021 మేలో టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి పదవి పోయాక ఈటల రాజేందర్ ఎమ్మెల్యే పదవికి కూడా రాజీనామా చేసి బీజేపీలో చేరారు. హుజూరాబాద్ ఉపఎన్నికలో 23,855 ఓట్లతో గెలిచారు. ప్రభుత్వం మొత్తం దిగినా జనం ఆయన వైపు ఉన్నారు. అయితే 2023లో అదే హుజూరాబాద్‌లో ఓడిపోయారు, గజ్వేల్‌లోనూ ఓడిపోయారు. 2024లో మల్కాజిగిరి ఎంపీ అయ్యారు. రాజీనామా తెచ్చే సానుభూతికి గడువు తేదీ ఉంటుంది. ఒక ఎన్నిక దాటితే పాతబడుతుంది.

2011 డిసెంబరులో సొంత కాంగ్రెస్ ప్రభుత్వం మీద అవిశ్వాసానికి ఓటేసి పదవులు పోగొట్టుకున్న జగన్ వర్గం ఎమ్మెల్యేలది ఇంచుమించు ఇదే కథ. 2012 జూన్‌లో 18 అసెంబ్లీ ఉపఎన్నికలు జరిగితే వైసీపీకి 15 వచ్చాయి. ఓడిన మూడింటిలో ఒకటి తెలంగాణలోని పరకాల. అక్కడ కొండా సురేఖ టీఆర్ఎస్ చేతిలో ఓడారు. చేసిన పని ఒకటే, ప్రాంతం మారేసరికి ఫలితం మారింది.

దీనికి ఎదురు ఉదాహరణ దానం నాగేందర్. బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకి కాంగ్రెస్ తరఫున నిలబడ్డారు, ఓడారు. అలా పార్టీ మారిన పది మంది ఎమ్మెల్యేల విషయం సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో కోర్టు స్పీకర్‌కి చెప్పాల్సి వచ్చింది. రాజీనామా చేయకపోతే మిగిలేది ఈ వాయిదాల బతుకు.

పదవి లేనివాళ్ళకి ఇదంతా లేదు. 2023లో కేసీఆర్‌ని వదిలి కాంగ్రెస్‌లోకి వెళ్ళిన పొంగులేటి శ్రీనివాసరెడ్డి, జూపల్లి కృష్ణారావు, తుమ్మల నాగేశ్వరరావు ముగ్గురి చేతిలోనూ అప్పటికి సీటు లేదు. ఒకరికి టికెట్ ఇవ్వలేదు, ఇద్దరు 2018లో ఓడారు. పార్టీ పక్కన పెట్టిందని వాళ్ళు బాధపడ్డ రోజులే తర్వాత వాళ్ళకి పెట్టుబడి అయ్యాయి. ముగ్గురూ గెలిచారు, ముగ్గురూ మంత్రులయ్యారు. ఉమ్మడి ఖమ్మంలో బీఆర్ఎస్‌కి మిగిలింది భద్రాచలం ఒక్కటే.

ఎన్నికల ముందు మారడం

ఆలస్యంగా వెళ్తే గెలవరని చెప్పాలని ఉంది గానీ, లెక్కలు ఒప్పుకోవు. 2014లో కాంగ్రెస్ వదిలి ఆఖర్న టీడీపీలోకి వెళ్ళిన జేసీ దివాకర్‌రెడ్డి అనంతపురం ఎంపీ అయ్యారు, గంటా శ్రీనివాసరావు భీమిలిలో గెలిచి మంత్రి అయ్యారు. అదే దారిలో వెళ్ళిన టీజీ వెంకటేష్ మాత్రం కర్నూలులో ఓడారు. 2024లో వైసీపీ ఎంపీలు లావు శ్రీకృష్ణదేవరాయలు, మాగుంట శ్రీనివాసులురెడ్డి, బాలశౌరి, వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి ఎన్నికల ముందు టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి వైపు వచ్చారు. నలుగురూ గెలిచారు.

వీళ్ళెవరూ అవతలి గుమ్మం ముందు నిలబడి తలుపు కొట్టినవాళ్ళు కారు. అవతలివాళ్ళకి ఆ సీటులో బరువైన అభ్యర్థి కావాలి, వీళ్ళు ఆ బరువు ఉన్నవాళ్ళు. మీ దగ్గర ఆ బరువు లేకపోతే ఆఖరి నిమిషంలో కండువా కప్పుతారు, ఫొటో దిగుతారు, టికెట్ మాత్రం వేరేవాడికి ఇస్తారు.

2014 ఫిబ్రవరిలో సొంత కేంద్ర ప్రభుత్వం మీద అవిశ్వాసం ఇచ్చారని కాంగ్రెస్ ఆరుగురు సీమాంధ్ర ఎంపీలని ఒకే రోజు బయటికి పంపింది. వాళ్ళలో రాయపాటి సాంబశివరావు టీడీపీలోకి వెళ్ళి నరసరావుపేటలో గెలిచారు. హర్షకుమార్ కిరణ్ కుమార్ రెడ్డి కొత్త పార్టీ తరఫున నిలబడి ఓడారు. లగడపాటి రాజగోపాల్ అన్న మాట ప్రకారం రాజకీయాలే మానేశారు. దూరం జరగడంలో ముగ్గురికీ తేడా లేదు, ఎటు వెళ్ళారన్నదే తేడా.

సొంత కుంపటి

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. కిరణ్ కుమార్ రెడ్డి 2014 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి పదవి వదిలి, మార్చిలో జై సమైక్యాంధ్ర పార్టీ పెట్టారు. గుర్తు చెప్పులు. ఒక్క సీటూ రాలేదు. అధిష్ఠానాన్ని ఎదిరించాడన్న పేరు ఉంది, మీడియా ఉంది, కావాల్సినంత కోపం జనంలో ఉంది. కానీ ఆ కోపాన్ని పట్టుకోవడానికి అప్పటికే రెండు పెద్ద పార్టీలు వల వేసుకుని కూర్చున్నాయి.

జగన్ 2011లో గెలవలేదా అంటారు. కడప ఉపఎన్నికలో 5.45 లక్షల మెజారిటీ వచ్చింది నిజమే. ఆ వెనక రాజశేఖరరెడ్డి పేరు ఉంది, తర్వాతి ఎన్నికలకి మూడేళ్ళ టైము ఉంది, ఊరూరా ఓదార్పు యాత్ర ఉంది. మీకు ఆ మూడూ ఉంటే మీరిది చదవరు.

నాయకుణ్ణే మార్చేయడం

ఇది పట్టికలో పెట్టలేదు, ఎందుకంటే ఒక్కడి చేతిలో పని కాదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ ఎన్టీఆర్‌ని తీసేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టారు. జనం ఒప్పుకోలేదు, నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి. 1995 ఆగస్టులో వైస్రాయ్ హోటల్ దగ్గర చంద్రబాబు వర్గం ఎన్టీఆర్‌ని దించడానికి చేసింది వేరు. ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది, కుటుంబం, పార్టీ యంత్రాంగం ఒకవైపు చేరాయి. సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. మొదటిసారి నాయకుడి మీద కోపం నాయకుల్లోనే ఉంది, జనంలో లేదు. రెండోసారి కూడా జనంలో అంతగా లేదు, కానీ పార్టీ మొత్తం కదిలింది. మూడో వంతు చీలిక చాలన్న రక్షణ అప్పటికి చట్టంలో ఉంది.

బ్రిటన్‌లో ఇది మామూలు వ్యవహారం. 2022 జులై 5న ఇద్దరు మంత్రులు, రిషి సునాక్, సాజిద్ జావిద్ రాజీనామా చేస్తే, రెండు రోజుల్లో యాభై మందికి పైగా అదే దారి పట్టారు. బోరిస్ జాన్సన్ దిగిపోతానన్నారు. అక్కడ ఎంపీలు లేఖలు రాసి సొంత ప్రధాని మీద విశ్వాస పరీక్ష పెట్టించగలరు. ఇక్కడ అధినేత మీద లేఖ రాస్తే సాయంత్రానికి అది మీ సస్పెన్షన్ లేఖకి అనుబంధం అవుతుంది.

మీరు ఎవరన్నదాన్ని బట్టి

సిట్టింగ్ ఎమ్మెల్యే అయితే, ఏడాదికి మించి టైముంటే రాజీనామా దారి ఆలోచించండి. ఆరునెలలే ఉంటే, అవతలి నుంచి సీటు పేరుతో సహా మాట వచ్చిందా చూడండి. రాకపోతే ఉండిపోండి. ఒక ఓటమికి మనిషి చావడు, టికెట్ లేకుండా రెండు పార్టీల మధ్య ఉండిపోతే మాత్రం నియోజకవర్గం మర్చిపోతుంది.

ఓడిపోయిన మాజీకీ, టికెట్ ఆశావహుడికీ ఇంతకన్నా మంచి టైము రాదు. పోయేది లేదు. పొంగులేటి, జూపల్లి, తుమ్మల ముగ్గురినీ గుర్తుపెట్టుకోండి. కానీ మీ మీద పార్టీ చిన్నచూపు చూసిందన్న సంగతి జనానికి ముందే తెలిసి ఉండాలి. వెళ్ళే రోజు ప్రెస్‌మీట్‌లో మొదటిసారి చెబితే ఎవరూ నమ్మరు.

సర్పంచ్‌కి చట్టం అడ్డు లేదు. రెండు రాష్ట్రాల్లోనూ సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తు లేకుండానే జరుగుతాయి. ఆయన్ని పట్టి ఉంచేది వేరు. వేసిన సీసీ రోడ్డు బిల్లు ఇంకా రాలేదు, వడ్డీకి తెచ్చిన డబ్బు పెరుగుతోంది, బిల్లు పెట్టే చోట అధికార పార్టీ మనుషులున్నారు. నాకు తెలిసి ఊళ్ళలో నాయకుడి మీద నమ్మకం కన్నా పెండింగ్ బిల్లు ఎక్కువమందిని పార్టీలో ఉంచింది. అలాంటివాళ్ళకి నా సలహా ఒకటే, బిల్లు పడేదాకా ఎవరి ఫొటో మీదా మాట్లాడకండి. ఎంపీటీసీ, జెడ్పీటీసీలది వేరే లెక్క. వాళ్ళు పార్టీ గుర్తు మీద గెలుస్తారు, ఎంపీపీ, జెడ్పీ చైర్మన్ ఎన్నికలప్పుడు వాళ్ళకీ విప్ ఉంటుంది.

జెండా మోసే కార్యకర్తకి పోయే పదవి లేదు, వచ్చే టికెట్ లేదు. అతని దూరం వేరేగా ఉంటుంది. పొద్దున్నే ఇంటి మీద జెండా దించడు, కానీ కొత్తది కూడా కట్టడు. మీటింగుకి వెళ్తాడు, వెనక వరసలో నిలబడతాడు. ఏజెంటుగా కూర్చోమంటే "అమ్మకి ఒంట్లో బాలేదు" అంటాడు. మీ బూత్ లిస్టులో అలాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో మీకన్నా ముందు వాళ్ళకే తెలుసు, అడగండి.

తేల్చుకోవడానికి ఆఖరి గడువు కూడా ఉంది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటలకల్లా బీఫారం రిటర్నింగ్ అధికారి చేతిలో పడాలి. దాని మీద గుర్తు ఎంత సైజులో ఉండాలన్నది ఎవరూ అడగరు.